సూది విడిచి స్టీరింగు పట్టిన సహోదరుడు

నెల పాఠము: పురుషుల సహవాసములోను, గృహ కూటములలోను చదువుకొనుటకు

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 7:1–9, 2 రాజులు 9:20, లూకా 14:28–30, అపొస్తలుల కార్యములు 18:1–4, 24–26.



పదునైదు ఇరువది ఏండ్లు ఒక పనిలో చేయి తిరిగిన మనుష్యుడు ఆ పని చాలించి లారీ నడుపుటకు పోవుదునని చెప్పినయెడల, ఇంటిలోనివారు భయపడుదురు, ఊరిలోనివారు నవ్వుదురు, సంఘ పెద్దలు ఏమి చెప్పవలెనో తోచక ఊరకుందురు. ఈ నెల పాఠము అట్టి మనుష్యుని కొరకును, అతని భార్యాబిడ్డల కొరకును, అతనిని చూచి పెదవి విరుచు మన కొరకును వ్రాయబడినది. లారీ పనిని గూర్చి బైబిలులో ఏమున్నదని కొందరు అడుగవచ్చును. బండ్లున్నవి, బరువులున్నవి, దారులున్నవి, వాటిని తోలినవారున్నారు. మనమే చదివి దాటిపోవుచున్నాము.

మొదట మన ప్రాంతపు సంగతి చూతము. పెనుగొలను గంపలగూడెం మండలములోని ఊరు. కృష్ణా జిల్లాలో ఉండిన ఈ ఊరు 2022 ఏప్రిల్ 4 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. పేరులో పెద్ద కొలను ఉన్నను ఇది డెల్టా వంటి నీటి దేశము కాదు, మెట్ట ప్రాంతము. మిరప, ప్రత్తి, మామిడి ఇక్కడి పంటలు. ఒక ఏడు చేతినిండ వచ్చును, ఒక ఏడు చేతిలోనిది పోవును. తిరువూరు మీదుగా పోవు పెద్ద రోడ్డును మన పెద్దలు జగదల్‌పూర్ రోడ్డని పిలుతురు. వెనుక దానికి 221వ నంబరు ఉండెడిది, ఇప్పుడు అది 30వ జాతీయ రహదారి. ఇబ్రహీంపట్నమునొద్ద మొదలై మైలవరము, తిరువూరు, కొత్తగూడెము, భద్రాచలము, జగదల్‌పూర్, రాయపూర్, లక్నో దాటి ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ వరకు పోవుచున్నది. అనగా హిమాలయముల దిక్కునకు పోవు దారి మన వాకిటిలోనే ఉన్నది. దాని మీద రాత్రింబగళ్లు లారీలు తిరుగుచుండగా, పని తగ్గిన మన యువకుల కన్నులు వాటి వైపు తిరుగుట వింత కాదు.

పని ఎందుకు తగ్గినది? సోమరితనము వలననే అని చెప్పుట సులభము, కాని న్యాయము కాదు. మెట్ట పొలములకు మోటతో నీరు తోడిన దినములలో తోలు పనివారికి ఏడాది పొడవునను పని ఉండెను. కరెంటు మోటారు వచ్చినది, మోట పోయినది, తోలు బొక్కెన కుట్టు చేయి ఖాళీ అయినది. రబ్బరు చెప్పులు వచ్చి చెప్పులు కుట్టువాని పీటను ఎత్తివేసినవి. స్టీలు బిందె కుమ్మరి సారెను ఆపినది. ఎడ్లబండి తోలినవాని బరువును ట్రాక్టరు ఎత్తుకొన్నది. ఇప్పుడు రెడీమేడు బట్టలు ఊరి దర్జీ కడుపు మీద కొట్టుచున్నవి. వీరిలో ఎవరును తమ పనిని విడువలేదు. పనియే వీరిని విడిచినది.

పాఠము కొరకు ఒక దర్జీని ఊహించుకొందము. అతనికి ముప్పది యెనిమిదేండ్లు. ఇంటి వసారాలో కుట్టుమిషను. క్రిస్మసుకు, పెండ్లిండ్లకు, బడులు తెరచు జూను నెలకు పని ఉండెడిది. ఇప్పుడు చినిగిన చోట కుట్టు వేయుటకు, ప్యాంట్ల పొడవు తగ్గించుటకు మాత్రము జనులు వచ్చుచున్నారు. ఇద్దరు పిల్లలు చదువుచున్నారు. ఒక రాత్రి అతడు భార్యతో, “నేను డ్రైవింగు నేర్చుకొందును” అని చెప్పెను. ఆమె, “ఈ వయస్సులోనా అండీ?” అనెను. ఇదియే మన ప్రశ్న.

కులవృత్తిని మించినది లేదని మన పెద్దలు చెప్పెడివారు. లేఖనము ఆ మాట చెప్పుట లేదు. ఆమోసు తెకోవలో మందలను కాచుచు మేడిచెట్లను చూచుకొనుచుండినవాడు. తాను ప్రవక్తల వంశస్థుడను కానని అతడే ఒప్పుకొనెను (ఆమోసు 7:14–15). మోషే రాజగృహములో పెరిగి, నలువది యేండ్లవాడై మామ గొఱ్ఱెలను కాయ నేర్చుకొనెను. ఎనుబది యేండ్లకు మూడవ పని చేతికి వచ్చెను. గమలీయేలు పాదములయొద్ద ధర్మశాస్త్రము చదివిన పౌలు కొరింథులో అకుల ఇంట కూర్చుండి డేరాలు కుట్టెను. పండితుని చేతిలో సూది చూచి కొరింథువారిలో కొందరు నవ్వియుండవచ్చును. అతడు సిగ్గుపడినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. పైగా ఎఫెసు పెద్దలతో మాటలాడునప్పుడు ఆ చేతులనే చూపెను (అపొ. కా. 20:34).

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. పని మార్చుకొనుట అనగానే మనకు ఎలీషా జ్ఞాపకమునకు వచ్చును. పండ్రెండు అరకల ఎడ్లతో దున్నుచుండిన అతడు ఏలీయా దుప్పటి మీద పడగానే ఎడ్లను వధించి, వాటి కాడిమ్రానుల మంట మీద మాంసము వండి జనులకు పెట్టి వెళ్లిపోయెను (1 రాజులు 19:19–21). మంచి ప్రసంగాంశము. కాని జీవనోపాధి కొరకు లారీ ఎక్కువాడు ఎలీషాను అనుసరింపవలసిన పని లేదు. ఎలీషాను పిలిచినవాడు వేరు, మనలను పిలుచుచున్న ట్రాన్స్‌పోర్టు ఆఫీసు వేరు. మన దర్జీకి తగిన వాక్యము లూకా 14వ అధ్యాయములోని గోపురము కట్టదలచినవాని మాట: మొదట కూర్చుండి లెక్క చూచుకొనవలెను. మిషను అమ్మి, భార్య నగలు కుదువబెట్టి, ఒక్కసారి లారీ కొనువాడు కాడిని ముందే కాల్చుకొనినవాడు.

కాబట్టి లెక్క చూతము. భారీ వాహనము నడుపుటకు ఇరువది యేండ్లు నిండియుండవలెను. మొదటనే లారీ లైసెన్సు ఇయ్యరు. కారు, జీపు వంటి తేలిక వాహనపు లైసెన్సు కలిగి ఒక సంవత్సరము గడువవలెను. తరువాతనే రవాణా వాహనమునకు నేర్చుకొను లైసెన్సు దొరకును. డ్రైవింగు స్కూలు వారి ధ్రువపత్రము, వైద్యుని పత్రము, ఆపైన పరీక్ష. 2019 వరకు ఎనిమిదవ తరగతి చదువు తప్పనిసరిగా ఉండెను. ఆ నిబంధనను ఆ ఏడు తీసివేసిరి గనుక చదువు రాని సహోదరుడు ఆ కారణము చేత వెనుదీయనక్కరలేదు. లైసెన్సును ఐదేండ్లకొకసారి మార్పించుకొనవలెను. పెట్రోలు, గ్యాసు, యాసిడు వంటి అపాయకరమైన సరుకు నడుపువానికి వేరుగా మూడు దినముల శిక్షణ ఉన్నది.

ఇక్కడ క్రొత్తవారికి మేలైన ఒక సంగతి చెప్పవలెను. 2024 నవంబరు 6న సుప్రీము కోర్టు, మొత్తము బరువు 7,500 కిలోలు దాటని రవాణా వాహనమును తేలిక వాహనపు లైసెన్సుతోనే నడుపవచ్చునని తీర్పు చెప్పినది. చిన్న ట్రక్కులు, పాల బండ్లు, కూరగాయల బండ్లు ఎక్కువగా ఈ లెక్కలోనికి వచ్చును. ముప్పది యెనిమిదేండ్ల దర్జీ మొదట ఇట్టి బండి మీద ఒక సంవత్సరము తిరువూరు, విస్సన్నపేట, విజయవాడల మధ్య తిరిగినయెడల, ఆ సంవత్సరమే పెద్ద లైసెన్సుకు వలసిన సంవత్సరమగును. రాత్రికి ఇంటికి వచ్చును. ఈ పని తనకు పడునో పడదో అతనికి తెలియును, అతని భార్యకు కూడ తెలియును. నా మట్టుకు నేను ఎవరైన అడిగినయెడల ఈ దారినే చెప్పుదును.

కన్నులు పరీక్షింపించుకొనుట మరచిపోవద్దు. పదునైదేండ్లు సూదిలో దారము ఎక్కించినవాని కన్ను దగ్గరి చూపునకు అలవాటుపడినది. రాత్రి ఎదుటి దీపపు వెలుగు కన్నులలో కొట్టినప్పుడు ఎంత వేగముగా తేరుకొనునో బండి ఎక్కకముందే వైద్యుని అడుగవలెను. ఎక్కువ సేపు కూర్చుండుట దర్జీకి క్రొత్త కాదు గాని, లారీ సీటు మీది కుదుపు నడుమునకు క్రొత్తది. చక్కెర వ్యాధి, రక్తపుపోటు ఉన్నవాడు మందులు క్యాబినులో పెట్టుకొనక బయలుదేరకూడదు.

ఇప్పుడు కష్టమైన భాగము. లారీ పని వెనుకటి నుండి పుస్తకములో నేర్చుకొనినది కాదు. పిల్లవాడు క్లీనరుగా చేరును. అద్దములు తుడుచును, చక్రముల గాలి సుత్తితో కొట్టి శబ్దమును బట్టి చూచును, జాకీ పెట్టును, పట్టా కట్టును, వెనుకకు తిప్పునప్పుడు దిగి చేయి ఊపును, డ్రైవరుకు అన్నము తెచ్చును. కొన్నాళ్లకు ఖాళీ రోడ్డు మీద స్టీరింగు ఇత్తురు. విజయవాడ ఆటోనగరు 1960లలో ఏర్పడిన నాటి నుండి మన ప్రాంతపు పిల్లలు ఎందరో ఈ విధముగానే అక్కడి షెడ్లలో మెకానిక్కు పనియు, బాడీ కట్టు పనియు, డ్రైవరు పనియు నేర్చుకొనిరి. ఇప్పుడు క్లీనరు లేకుండ ఒక్కడే పోవు బండ్లు పెరిగినవి గనుక ఈ బడి మూతపడుచున్నది. అయినను దూరపు బండ్లలో ఇంకను ఉన్నది.

ముప్పది యెనిమిదేండ్ల మనుష్యుడు ఇరువదియైదేండ్ల డ్రైవరు ప్రక్కన క్లీనరుగా కూర్చుండుట ఎంత కష్టమో ఆలోచింపుడి. ఊరిలో అతనిని “మాస్టరు” అని పిలిచెడివారు. కత్తెర పట్టిననాడు అతని యెదుట పది మంది పిల్లలు బొత్తాములు కుట్ట నేర్చుకొనిరి. ఇక్కడ ఆ చిన్నవాడు, “బాబాయ్, గేరు వైపు చూడకండి, రోడ్డు చూడండి” అని చెప్పును. మంచివాడైతే బాబాయ్ అని చెప్పును. కానివాడైతే మరియొక విధముగా చెప్పును. ఇక్కడ అపొల్లోను జ్ఞాపకము చేసికొందము. అతడు విద్వాంసుడు, లేఖనములయందు గట్టివాడు, సమాజమందిరములో ధైర్యముగా మాటలాడువాడు. అతనికి తెలియని భాగమును నేర్పినదెవరు? డేరాలు కుట్టుకొను అకుల, ప్రిస్కిల్ల. వారు అతనిని పదిమంది యెదుట తప్పుపట్టలేదు, తమయొద్దకు చేర్చుకొని చెప్పిరి. అతడు కోపపడినట్లు లేదు. నేర్పువారికిని నేర్చుకొనువారికిని ఆ మూడు వచనములలో పాఠమున్నది. మన సంఘములో ముందే లారీ నడుపుచున్న యువకుడున్నయెడల అతడు ప్రిస్కిల్ల వలె ఆ క్రొత్తవానిని ప్రక్కకు పిలిచి నేర్పవలెను.

ఇక బరువుల సంగతి. సంఖ్యాకాండము 7వ అధ్యాయము పేర్ల పట్టిక అని మనము త్వరగా దాటుదుము. దాని మొదటి తొమ్మిది వచనములు లారీవారు తీరికగా చదువవలసినవి. ఇశ్రాయేలు ప్రధానులు ఆరు గూడు బండ్లను, పండ్రెండు ఎడ్లను తెచ్చిరి. మోషే వాటిని సమానముగా పంచలేదు. గెర్షోనీయులకు రెండు బండ్లు, నాలుగు ఎడ్లు. మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎడ్లు. కహాతీయులకు ఒకటియు లేదు. ఎందుకు? గెర్షోనీయులు మోసినవి తెరలు, గుడారపు బట్టలు. మెరారీయులు మోసినవి పలకలు, అడ్డకఱ్ఱలు, స్తంభములు, దిమ్మలు. కహాతీయులు పరిశుద్ధ వస్తువులను భుజముల మీదనే మోయవలసినవారు. పనిని బట్టి బండి, బరువును బట్టి ఎడ్లు. ఎడారిలో నడుచు ఆ జనము కూడ కాటా లేకుండగనే బరువు లెక్క తెలిసికొనిరి.

మనకు కాటాలున్నవి. 2018 జూలైలో కేంద్ర ప్రభుత్వము ఇరుసుల బరువు హద్దును పెంచినది. మూడు ఇరుసుల లారీకి బండితో కూడ 25 టన్నులుండినది 28.5 టన్నులాయెను. హద్దు దాటి ఎక్కించినవానికి 2019లో సవరించిన మోటారు వాహనముల చట్టము 20,000 రూపాయల జరిమానా, ఆపైన ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు విధించినది. ఓనరు ఎక్కించుమనును, బ్రోకరు ఎక్కించుమనును. బ్రేకు పట్టనప్పుడు స్టీరింగు వెనుక ఉండువాడు డ్రైవరొక్కడే. ఎక్కువ బరువుతో పోవుచున్న బండి ఆగుటకు ఎక్కువ దూరము కావలెను, టైరు వేడెక్కి పగులును, పట్టా క్రింద కట్టిన మోకు సడలును. క్రొత్తగా చేరిన దర్జీకి కాదని చెప్పు ధైర్యముండదు. ఉద్యోగము పోవునను భయము. ఇందు విషయమై సంఘము అతనితో ముందుగానే మాటలాడియుండవలెను: ఒకవేళ కాదని చెప్పి పని పోగొట్టుకొని వచ్చినయెడల ఆ నెల బియ్యము మేము చూచుకొందుము అని. ఇది లేనిచో కాదని చెప్పుమని మనము అతనికి బోధించుట చౌక మాట.

క్రొత్త బండి మీద మందసమును పెట్టి తోలిన ఉజ్జా, అహ్యోల సంగతి కూడ (2 సమూయేలు 6:3–7) లారీవారికి తెలిసినదే. భుజముల మీద మోయవలసినదానిని బండికెక్కించిరి. కళ్లమునొద్ద ఎడ్లకు కాలు జారెను. ఆ సంగతికి వేరే గొప్ప అర్థమున్నదని నేనెరుగుదును, దానిని ఇక్కడ చెప్పబోవుట లేదు. ఏ సరుకు ఏ బండి మీద ఎట్లు పోవలెనో ముందుగా అడిగి తెలిసికొనక “క్రొత్త బండి గదా” అని ఎక్కించుట ఆనాడే మొదలైనదని మాత్రము చూడుడి. మామిడికాయ బుట్టలు ఒక విధముగా, మిరప టిక్కీలు ఒక విధముగా, ఇనుప చువ్వలు మరియొక విధముగా కట్టవలెను. చువ్వలు సడలి బ్రేకు వేసినప్పుడు క్యాబినులోనికి దూసికొనివచ్చును.

యెహూను గూర్చి ఒక మాట. బురుజు మీది కావలివాడు దూరము నుండి సైన్యమును చూచి, తోలుచున్న తీరును బట్టి అతడు యెహూ అని గుర్తుపట్టెను. వెఱ్ఱిగా తోలుటయే అతని గుర్తు. మన యువకులలో కొందరికి ఇట్టి పేరు గొప్పగా తోచును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి ఒక్క క్షణములో పదునారు మీటర్లకు పైగా పోవును. మూడు క్షణములు కన్ను మూసికొనినయెడల ఏబది మీటర్లు నిద్రలో నడచినట్లు. 2022లో మన దేశములో రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరని కేంద్ర రవాణా శాఖ ప్రకటించినది. మన గంపలగూడెము వంటి మండలములు ఎన్ని ఖాళీ అయినవో మీరే లెక్కించుకొనుడి. జగదల్‌పూర్ దాటిన తరువాత కేశ్‌కాల్ ఘాటు ఉన్నది. అట్టి చోట్ల దిగునప్పుడు, ఎక్కుటకు ఏ గేరు వలసినదో ఆ గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్లు చెప్పుదురు. న్యూట్రలులో వదలి డీజిలు మిగిల్చువాడు బ్రేకులను కాల్చుకొనును.

నిద్ర విషయమై చట్టము కూడ వెనుకటి నుండి మాటలాడుచున్నది. 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టము రోజుకు ఎనిమిది గంటలు, వారమునకు నలువదియెనిమిది గంటలు పని అనియు, ఐదు గంటల పని తరువాత అర గంట విశ్రాంతి అనియు వ్రాసినది. దారి మీద ఈ లెక్క ఎంత నిలిచినదో డాబా ముందు మంచము మీద పడుకొన్నవారిని అడుగుడి. సరుకు చేర్చవలసిన గడువు ఈ-వే బిల్లు మీద ఉండును. 2021 నుండి ఆ బిల్లు 200 కిలోమీటర్లకు ఒక దినము చొప్పున చెల్లును. 200 కిలోమీటర్లు ఒక దినములో పోవుట కష్టము కాదు. కష్టము బిల్లులో లేదు, త్వరగా వచ్చినయెడల మరియొక ట్రిప్పు దొరకునను ఆశలో ఉన్నది. నిద్ర రాకుండుటకు మ్రింగు మాత్రలను గూర్చియు, నిద్ర వచ్చుటకు త్రాగు సీసాను గూర్చియు నేను వేరుగా చెప్పనక్కరలేదు. త్రాగి నడిపి మొదటిసారి పట్టుబడినవానికి ఆరు నెలల వరకు చెర, లేక 10,000 రూపాయల జరిమానా, లేక రెండును ఉండును.

ప్రమాదము జరిగినప్పుడు ఏమి చేయవలెను? ఇది డ్రైవరు హృదయములో అన్నిటికంటె పెద్ద భయము. యెరికో దారిలో పడియున్నవాని ఉపమానమును (లూకా 10) మనము ఎల్లప్పుడు దాటిపోయినవారి వైపు నుండి చెప్పుకొందుము. కొట్టినది మన బండియే అయినప్పుడు ఆ ఉపమానము వేరుగా వినబడును. మోటారు వాహనముల చట్టము 134వ సెక్షను ప్రకారము డ్రైవరు గాయపడినవానికి వైద్యసహాయము చేయించవలెను; జనుల కోపము వలన అది సాధ్యము కానియెడల చట్టము ఆ కష్టమును గుర్తించినది. కాని 24 గంటలలోపల దగ్గరి పోలీసు స్టేషనులో తెలుపుట విడువకూడదు. బండి నిలిపినయెడల చంపుదురేమో అను భయము ఉత్తమాట కాదు. ఆ భయము వలననే, తెలుపక పారిపోయినవానికి పదేండ్ల వరకు శిక్ష అను భారతీయ న్యాయ సంహిత 106(2) సెక్షను మీద 2024 జనవరిలో దేశమంతట డ్రైవర్లు బండ్లు నిలిపిరి. 2024 జూలై 1న ఆ సంహిత అమలులోనికి వచ్చినప్పుడు ఆ ఒక్క భాగమును ఆపి ఉంచిరి. చట్టము ఆగినను ఆగకున్నను, 108కి ఫోను చేసి నేరుగా స్టేషనుకు పోవుట డ్రైవరు చేతిలో ఉన్నది. ఇతరుల ప్రమాదములో సహాయము చేసినవానిని కేసులో ఇరికించకుండ 2019 నుండి 134ఏ సెక్షను కాపాడుచున్నది. ఈ సంగతి తెలియక ఇంకను ఎందరో ప్రక్కగా దాటిపోవుచున్నారు.

డబ్బు లెక్కకు వత్తము. జీతపు డ్రైవరుకు జీతము, దారి ఖర్చుకు బత్తా ఉండును. స్వంత లారీ ఉన్నవానికి కిరాయి అంతయు తనదే అని దూరము నుండి తోచును. దగ్గరకు పోయి చూడుడి. నిండు బరువుతో పోవు పెద్ద లారీ లీటరు డీజిలుకు నాలుగు కిలోమీటర్ల వరకు పోవుననుకొనినను, వేయి కిలోమీటర్లకు 250 లీటర్లు. లీటరు 90 రూపాయలే అని తక్కువ కట్టినను 22,500 రూపాయలు. దాని మీద టోలు, టైర్ల అరుగుదల, బ్రోకరు కమీషను, భీమా, ఫిట్‌నెసు, రెండు రాష్ట్రముల పన్నులు. తిరుగు ప్రయాణమునకు సరుకు దొరకక రెండు దినములు నిలిచినయెడల లాభము ఆ డాబాలోనే తినివేయబడును. కిస్తీ మాత్రము నిలువదు. బండి నిలిచిన దినమును కిస్తీ లెక్కించును. మామిడి కాలములో నున్న మార్కెట్టునొద్ద బండ్ల వరుస చూచి లారీ కొనినవాడు ఆషాఢములో ఆ వరుస ఏమైనదో చూడవలెను. కాబట్టి మొదటి రెండేండ్లు జీతమునకే నడుపుట మేలని నా అభిప్రాయము. ఓనరు కట్టు భీమాలో జీతపు డ్రైవరు పేరు లెక్కలో ఉన్నదో లేదో అడిగి చూచుకొనవలెను, అడుగుటకు మొగమాటపడరాదు.

గల్ఫుకు పోదుమను సహోదరులకు ఒక్క మాట చాలును: డ్రైవరు వీసా అని డబ్బు తీసికొని అక్కడ వేరే పనిలో పెట్టు ఏజెంట్లున్నారు. ప్రభుత్వమునొద్ద నమోదైన ఏజెంటు పుచ్చుకొనదగిన రుసుము 30,000 రూపాయలు, దాని మీద పన్ను మాత్రమే. లక్షలు అడుగువానికి నమస్కారము పెట్టి లేచి వచ్చుట మంచిది.

ఈ పని పురుషులదే అనుకొనువారు భోపాల్‌లోని యోగితా రఘువంశి పేరు వినవలెను. ఆమె న్యాయశాస్త్రము చదివిన స్త్రీ. ఇద్దరు పిల్లలుండగా భర్త మరణించెను. కోర్టులో క్రొత్త వకీలుకు వెంటనే రాబడి లేదు, ఇంటిలో ఆకలి మాత్రము ఆగదు. భర్త విడిచిన లారీ వ్యాపారమును చేతిలోనికి తీసికొని ఒక డ్రైవరును పెట్టుకొనగా, అతడు మన హైదరాబాదు దగ్గర బండిని ప్రమాదములో పెట్టి పారిపోయెను. ఆమె మెకానిక్కును వెంటబెట్టుకొని వచ్చి బండి బాగుచేయించుకొని, తరువాత తానే నడుప నేర్చుకొని రాష్ట్రములు దాటి సరుకు చేర్చెను. నల్గొండ ప్రాంతపు గిరిజన స్త్రీ సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరాయెను. మన కూటములలో వితంతువుల కొరకు కుట్టుమిషనులే కొనిపెట్టుచున్నాము. కుట్టుపని తగ్గుచున్న దినములలో ఎవరైన సహోదరి డ్రైవింగు స్కూలు ఫీజు అడిగినయెడల స్త్రీల సమాజమువారు నవ్వకుండ ఆలోచించుదురని తలంచుచున్నాను.

డ్రైవరు ఆదివారము గుడిలో లేడని మనము వ్రాసికొందుము గాని అతడెక్కడ ఉన్నాడో అడుగము. ఐతియొపీయుల రాణి మంత్రి రథములో కూర్చుండి చదువుచుండగా ఫిలిప్పు ఎక్కి బోధించెను; మంత్రి రథమును ఆపుమనెను (అపొ. కా. 8:26–38). ఎవరితో చెప్పెను? పగ్గములు పట్టినవాడొకడు ముందర కూర్చుండియుండవలెను గదా! ఆ సంభాషణ అంతయు అతని వీపు వెనుకనే జరిగినది. అతని పేరు లేదు, అతడు ఏమనుకొనెనో లేదు. నేను ఆ అధ్యాయము చదివినప్పుడెల్ల అతని వైపే చూచుచుందును. నాగపూర్ దగ్గర లోడు దించుటకు నిలిచియున్నవానికి ఆదివారము ఉదయము ఒక పెద్ద ఫోను చేసి రెండు నిమిషములు మాటలాడుటకు ఏమి ఖర్చు?

ఇంటి వైపు కూడ చూడవలెను. భర్త ఇరువది దినములు దారి మీద ఉన్నప్పుడు గ్యాసు బండ అయిపోయినను, పిల్లవానికి జ్వరము వచ్చినను, చీటీ డబ్బు కట్టవలసి వచ్చినను ఆమె ఒక్కతెయే. పౌలు థెస్సలొనీకయవారికి వ్రాయుచు, వారిలో ఎవరికిని భారము కాకుండుటకు రాత్రింబగళ్లు కష్టపడితినని చెప్పెను (1 థెస్స. 2:9). అతడు ఒంటరివాడు. మన దర్జీకి ఇల్లున్నది. లారీ నడుపుట అతడొక్కడు మార్చుకొను పని కాదు, ఆ యింటిలో నలుగురు కలిసి మార్చుకొను పని. కాబట్టి అతడు ఫారము నింపుటకు ముందు భార్యను, ఎదిగిన పిల్లలను కూర్చుండబెట్టి, ఎన్ని దినములు ఇంటనుండును, ఎంత పంపును, ఎవరి నంబరుకు ఫోను చేయవలెను అని మాటలాడుకొనవలెను. కరువు దినములలో యోసేపు పంపిన బండ్లను కన్నులార చూచిన తరువాతనే యాకోబు ప్రాణము తెప్పరిల్లెను (ఆది. 45:27), అంతకు ముందు కుమారులు చెప్పిన మాటలను అతడు నమ్మలేదు. భార్యకు కూడ మాటలు చాలవు. నెల నెల డబ్బు చేరుచుండిన తరువాతనే ఆమె నమ్మును.

కుట్టుమిషను సంగతి ఒకటి మిగిలినది. అమ్మవలెనా? ఇప్పుడు పాత మిషనుకు వచ్చు ధర చాల స్వల్పము. ఒక గుడ్డ కప్పి, నెలకొకసారి నూనె పోసి ఉంచినయెడల, వానకాలములో బండి నిలిచిన వారములలో క్రిస్మసు బట్టలు ముందుగా కుట్టుకొనవచ్చును. ఆ యింటి పెద్ద కుమార్తె కుట్టు నేర్చుకొనవచ్చును. పైగా లారీ పట్టా చినిగినప్పుడు దానిని కుట్ట తెలిసిన డ్రైవరు వెయ్యిమందిలో ఒక్కడు కూడ ఉండడు. పెద్ద సూది, మైనము రాచిన దారము క్యాబినులో ఒక డబ్బాలో పెట్టుకొనవలెను.